రిసార్టా, గోల్కొండా, ఆఫీసులోనే బతుకమ్మా? టీమ్ ఈవెంట్ ఎంచుకునే ముందు

శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో ఒక రిసార్ట్. పూల్‌లో ఏడెనిమిది మంది కుర్రాళ్లు కేరింతలు కొడుతున్నారు, స్పీకర్లలో పాటలు దద్దరిల్లుతున్నాయి. పక్కనే మెట్ల మీద మా టీమ్‌లో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చెప్పులు కూడా విప్పలేదు. పది నిమిషాలకోసారి ఫోన్ చూసుకుంటున్నారు. "రండి, ఆడదాం" అంటే నవ్వి, "మీరు ఆడండి, నేను చూస్తాను" అన్నారు. బస్సు గచ్చిబౌలి చేరేసరికి రాత్రి పదిన్నర. ఆ రోజు ఆమె బాబుకి జ్వరమని, వాణ్ణి అత్తగారి దగ్గర వదిలి వచ్చారని సోమవారం ఇంకెవరో చెబితే తెలిసింది.

ఆ ట్రిప్పు ప్లాన్ చేసింది నేనే. వెళ్లే ముందు వాట్సాప్ గ్రూప్‌లో "అందరికీ ఓకేనా?" అని అడిగాను. అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. ఆమె కూడా పెట్టారు.

మా టీమ్‌లో ముప్పై మంది. తొమ్మిదేళ్లుగా ఈ పనులన్నీ నా మీదే పడుతున్నాయి. బాగా కుదిరినవీ ఉన్నాయి, మొక్కుబడిగా నడిచినవీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే తేడా కనిపించింది. జనానికి నచ్చిన ఈవెంట్లన్నీ ఆఫీసు టైమ్‌లో జరిగాయి. నచ్చనివి వాళ్ల సొంత టైమ్ తీసుకున్నాయి. ఎంత ఖర్చు పెట్టాం, ఎంత దూరం వెళ్లాం అన్నవి దాని తర్వాతే. అందుకే ఇప్పుడు ఏ ఈవెంట్ గురించి ఆలోచించినా బడ్జెట్ కంటే ముందు గడియారం చూస్తాను. ఆ తర్వాత, దీనికి ఎవరు రాలేరు అని చూస్తాను.

ముందుగా, అడిగే పద్ధతి

మన దగ్గర మొహమాటం ఎక్కువ. మేనేజర్ ఉన్న గ్రూప్‌లో "నాకు కుదరదు" అని రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. కొత్తగా చేరినవాళ్లకైతే అసలే రాదు. కాబట్టి గ్రూప్‌లో పోల్ పెట్టి, ఎక్కువ ఓట్లు వచ్చిన దాన్ని ఖాయం చేయడం సరైన పద్ధతి కాదు. పద్దెనిమిది మందికి రిసార్ట్ నచ్చిందంటే మిగతా పన్నెండు మంది సంగతి ఏమిటో ఆ పోల్ చెప్పదు.

నేను ఇప్పుడు పేరు అడగని ఒక చిన్న ఫారం పంపుతాను. అందులో "ఏది కావాలి" అని అడగను, "ఏది వద్దు" అని అడుగుతాను. శనివారం వద్దు, రాత్రి ఏడు దాటితే వద్దు, నీళ్లలో దిగేది వద్దు, మెట్లెక్కేది వద్దు, మందు ఉండే చోటు వద్దు. ఇలా ఆరేడు గళ్లు పెడితే చాలు, రెండు నిమిషాల్లో నింపేస్తారు. మొదటిసారి పంపినప్పుడు "శనివారం వద్దు" అని టిక్ పెట్టినవాళ్లు ముప్పైలో పందొమ్మిది మంది. అంతకుముందు నాలుగేళ్లు మేము వెళ్లిందల్లా శనివారాలే.

హోటల్ భోజనమా, రిసార్టా?

అందరూ ముందు ఆలోచించేది ఈ రెండే. హోటల్ భోజనానికి పెద్ద ప్లాన్ అక్కర్లేదు, ఒక పూటలో అయిపోతుంది, ఇంటికెళ్లే టైమ్ మారదు. రిసార్ట్‌లో రోజంతా కలిసి ఉంటారు, కానీ తలకి అయ్యే ఖర్చు దాదాపు మూడింతలు. నేను బుక్ చేసినప్పుడల్లా భోజనానికి తలకి ఆరేడు వందలు అయితే, రిసార్ట్ డే ప్యాకేజీకి బస్సు కూడా కలుపుకుని రెండు వేలు పైనే అయింది. శనివారం నుంచి మంగళవారానికి మార్చుకుంటే రేటు తగ్గిస్తారు, పైగా చోటంతా ఖాళీగా దొరుకుతుంది. ఇది అడిగితే గానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

హోటల్ భోజనంలో చిక్కు కూర్చునే తీరు దగ్గరే వస్తుంది. ముప్పై మందిని ఒకే పొడుగు టేబుల్ చుట్టూ కూర్చోబెడితే ఎవరి గుంపు వాళ్లదే. మేనేజర్ కూర్చున్న వైపు నిశ్శబ్దం, ఆ చివర నవ్వులు. ఐదారుగురు పట్టే గుండ్రటి టేబుళ్లున్న హోటల్ చూసుకోండి. ఏ టేబుల్లో ఎవరు కూర్చోవాలో చీటీలు తీయించండి. చీటీ అంటే పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, ఒకసారి మా టీమ్‌లో మూడేళ్లుగా ఒకే ఫ్లోర్‌లో పనిచేస్తున్న ఇద్దరు, తమది ఒకే మండలమని ఆ చీటీ పుణ్యమా అని తెలుసుకున్నారు.

తిండి విషయం ఇంకాస్త లోతుగా చూడాలి. బిర్యానీ పెడితే అందరూ సంతోషమే అనుకుంటాం. మంగళ, గురు, శనివారాల్లో మాంసం ముట్టనివాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. శ్రావణంలో, కార్తీకంలో ఆ సంఖ్య పెరుగుతుంది. కార్తీకం మొదలు సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజుల దీక్షలో ఉంటారు, బయట భోజనం చేయరు. హలాల్ కానిది తిననివాళ్లు ఉంటారు. ఉల్లి, వెల్లుల్లి తినని జైనులు ఉంటారు. శుక్రవారం మధ్యాహ్నం లంచ్ పెడితే జుమా నమాజుకి వెళ్లేవాళ్లకి ఇబ్బంది. రంజాన్ నెలలో పగటి భోజనం పెట్టకండి. ఆ నెలలో ఏదైనా చేయాలనిపిస్తే సాయంత్రం ఇఫ్తార్ వేళకి పెట్టుకోండి, అందరూ కలిసి ఖర్జూరంతో మొదలుపెడితే ఎంత బాగుంటుందో. నా అనుభవంలో బుధవారం మధ్యాహ్నం అన్నిటికంటే తక్కువ చిక్కులున్న పూట.

వెజ్ వాళ్లకి "మీకోసం పనీర్ ఉంది" అని ఒక్క గిన్నె పక్కన పెట్టడం కూడా నాకు నచ్చదు. ఆ ఒక్క కూర ముందు అయిపోతుంది, వాళ్లు పెరుగన్నంతో లేచిపోతారు. ఎంతమంది ఏం తింటారో ముందే లెక్క రాసుకుని హోటల్‌కి చెప్పండి. బిల్లు వచ్చాక జీఎస్టీతో పాటు సర్వీస్ ఛార్జ్ కూడా వేశారేమో చూసుకోండి. అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగవచ్చు.

ఇక రిసార్ట్. మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట వైపు లెక్కలేనన్ని ఉన్నాయి. పాతికేళ్లలోపు వాళ్లు ఎక్కువగా ఉన్న టీమ్ అయితే బాగానే ఉంటుంది. వయసులు కలగలిసిన టీమ్ అయితే పూల్, రెయిన్ డాన్స్ చుట్టూ తిరిగే రోజు సగం మందిని ప్రేక్షకుల్ని చేస్తుంది. తడి బట్టలతో పై అధికారుల ముందు తిరగడం చాలామంది ఆడవాళ్లకి ఇష్టం ఉండదు. కొందరు మగవాళ్లకీ ఉండదు. పైకి చెప్పరంతే. రిసార్ట్‌కే వెళ్లాలని అనుకుంటే చెట్ల నీడ, క్యారమ్స్, షటిల్ కోర్టు, కాసేపు నడుం వాల్చడానికి శుభ్రమైన గది ఉన్న చోటు చూడండి. ఒక రోజు ముందుగా మీరే వెళ్లి బాత్రూమ్‌లు చూసి రండి. ఫొటోల్లో పూల్ చూపిస్తారు, బాత్రూమ్‌లు చూపించరు.

మందు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: టీమ్ ఈవెంట్‌లో వద్దు. తాగనివాళ్లు అక్కడ గంటలకొద్దీ ఎవరి మాటలు వింటూ కూర్చోవాలి? లైసెన్సు లేని ఫామ్‌హౌస్‌లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి, అది వేరే తలనొప్పి. పైగా ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పని నిమిత్తం వెళ్లిన చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా పని ప్రదేశం కిందికే వస్తాయి. బస్సులో వెనక సీట్లో వేసే జోకుకి, డాన్స్ ఫ్లోర్ మీదికి చెయ్యి పట్టి లాగడానికి ఆఫీసులో ఉన్న నియమమే వర్తిస్తుంది. బయల్దేరే ముందు ఈ మాట టీమ్ లీడ్ నోటితో ఒక్కసారి చెప్పించండి. ఎవరూ నొచ్చుకోరు, కొందరికి ధైర్యం వస్తుంది.

కొండా, కోటా?

నడక ఇష్టపడే టీమ్‌కి హైదరాబాద్ చుట్టుపక్కల మంచి చోట్లు ఉన్నాయి. ఎంచుకోవాల్సింది దూరాన్ని, మోకాళ్లని బట్టి.

భువనగిరి కోట ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు, వరంగల్ హైవే మీద. ఒకే రాతి గుట్ట, ఐదు వందల అడుగులకు పైగా ఎత్తు. పైకి ఎక్కితే గాలి, చుట్టూ పొలాలు, ఆ ఆనందమే వేరు. కానీ బోడిరాయి మీద ఎండ మామూలుగా కొట్టదు, పైన నీడ తక్కువ. పొద్దున ఆరున్నరకల్లా ఎక్కడం మొదలుపెట్టే టీమ్‌కే అది కుదురుతుంది. అంటే ఇంటి దగ్గర నాలుగున్నరకి లేవాలి. ఇల్లు చూసుకోవాల్సినవాళ్లని ఆ మాట ఎలా అడుగుతాం?

అనంతగిరి కొండలు వికారాబాద్ పక్కన, సుమారు 80 కిలోమీటర్లు. మూసీ నది పుట్టేది అక్కడే. వానాకాలం చివర, సెప్టెంబరు, అక్టోబరుల్లో పచ్చగా కళకళలాడుతుంది, నడక దారులు మరీ కష్టం కాదు. వాన పడుతున్నప్పుడు మాత్రం జారుతాయి. పోనురాను దాదాపు ఐదు గంటల ప్రయాణం, కాబట్టి రోజంతా పోతుంది. పనిరోజున వెళితే మంచి ఎంపిక.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గోల్కొండ. గచ్చిబౌలి నుంచి అరగంట, ముప్పావుగంట. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు నుంచి బయల్దేరి ఆరింటికల్లా ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోవచ్చు. టికెట్టు మన ఫుడ్ కోర్టులో కాఫీ కంటే చవక. కోటలో ప్రవేశ ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు అవతల, కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువులు వస్తున్నారని పైవాళ్లకి కబురు చేరవేయడానికి చేసుకున్న ఏర్పాటు అది.

దాన్నే మేము ఆటగా మార్చుకున్నాం. మెట్లు ఎక్కగలిగినవాళ్లు పైకి వెళ్లారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఎక్కడం ఇష్టం లేనివాళ్లు కింద గుమ్మటం దగ్గర ఉన్నారు. కిందివాళ్లు చప్పట్లతో ఒక సినిమా పాట దరువు కొట్టాలి, పైవాళ్లు ఆ పాటేదో కనిపెట్టి ఫోన్ చేసి చెప్పాలి. జనం రద్దీ లేని పనిరోజు మధ్యాహ్నం కాబట్టి కుదిరింది. మొదటి రెండు పాటలు దొరకలేదు. మూడోసారి కింద ఉన్న మా అకౌంట్స్ సారు చప్పట్లు ఆపి ఆపి కొట్టారు. యాభై ఏడేళ్ల మనిషి, ఏ అవుటింగ్‌లోనూ బస్సు దిగని మనిషి. పైన ఒక్కసారిగా అరుపులు, ఫోన్‌లో పాట పేరు. ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఎక్కలేనివాళ్లు లేకపోతే ఆ ఆట జరిగేదే కాదు. ఈవెంట్‌లో అలాంటి పాత్ర అందరికీ దొరకాలి.

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ మూడింటిలో దేనికీ వెళ్లకండి. ఎండ దెబ్బ తగిలి ఒకరు కళ్లు తిరిగి పడితే ఆ రోజు అక్కడితో ముగిసినట్టే.

రామోజీ ఫిల్మ్ సిటీ గురించి కూడా చాలామంది అడుగుతారు. 1996లో మొదలైన ఆ స్టూడియో ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. చూడదగ్గదే. కాకపోతే అక్కడ మనం బస్సులో ఎక్కి, దిగి, షోలు చూస్తాం. ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరిక తక్కువ. పిల్లల్నీ, పెద్దవాళ్లనీ తీసుకురమ్మని చెప్పే ఫ్యామిలీ డేకి అది బాగుంటుంది. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి ఫ్యామిలీ డే పెట్టండి. ఆ ఒక్క సందర్భంలో శనివారమైనా ఎవరూ ఏమీ అనుకోరు.

రాత్రి బస చేసే ట్రిప్పులు

అరకు, లక్నవరం, హంపి, గోకర్ణ. పేర్లు వింటేనే కుర్రకారు లేచి కూర్చుంటారు. విశాఖపట్నంలో ఆఫీసు ఉన్నవాళ్లకైతే అరకు వరం లాంటిది. పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, సొరంగాల్లోంచి బొర్రా గుహల మీదుగా వెళ్లే ఆ దారిలో ఎవరూ ఫోన్ ముట్టుకోరు. ములుగు జిల్లాలో లక్నవరం చెరువు, వేలాడే వంతెన, తిరుగు ప్రయాణంలో 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి. ఇవన్నీ నాకూ ఇష్టమే.

అయినా పన్నెండు మంది దాటిన టీమ్‌కి రాత్రి బస నేను సలహా ఇవ్వను. ఎవరితో ఎవరు గది పంచుకోవాలన్నది మొదటి టెన్షన్. చంటిపిల్లల తల్లులు, మంచం మీదున్న పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు రాలేరు, వచ్చినా మనసు అక్కడుండదు. రానివాళ్లు తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు, వాళ్లలో వాళ్లే వేసుకునే జోకులు నెల రోజులు వింటారు. టీమ్‌ని కలపడానికి వెళ్లిన ట్రిప్పు రెండు వర్గాల్ని తయారు చేస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను. పది మంది లోపు ఉండి, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, అందరూ మనస్ఫూర్తిగా సరేనంటే తప్పకుండా వెళ్లండి.

నీళ్ల దగ్గరికి వెళ్తే లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కవద్దు. విశాఖ బీచుల్లో అలల లోపలి లాగుడు పైకి కనిపించదు. ఈతగాళ్లం అనుకున్నవాళ్లు కూడా ప్రమాదంలో పడతారు. మోకాళ్ల లోతు దాటనివ్వకండి.

ఆటలు

బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు ఇప్పుడు ప్రతి కాలనీలో వచ్చాయి. గంటకి వెయ్యి, పదిహేను వందలకి దొరుకుతాయి. చవక, దగ్గర, రెండు గంటల్లో అయిపోతుంది. మామూలుగా ఆడితే మాత్రం బాగా ఆడే ఆరుగురే ఆడతారు, మిగతావాళ్లు బంతి వెతుక్కుంటారు. మేము నియమాలు మార్చాం: ప్రతి ఒక్కరూ ఒక ఓవర్ వేయాలి, ప్రతి ఒక్కరూ ఆరు బంతులు ఆడాలి, అవుటైనా ఆడుతూనే ఉండొచ్చు, అవుటైతే జట్టుకి ఐదు పరుగులు తగ్గుతాయి. ఎప్పుడూ బ్యాట్ పట్టని అమ్మాయి ఆరు బంతుల్లో మూడు పరుగులు తీస్తే జట్టంతా గంతులేసింది.

క్యారమ్స్, అష్టాచెమ్మా, అంత్యాక్షరి లాంటివి తక్కువ అంచనా వేయకండి. అష్టాచెమ్మా గవ్వలు బయటికి తీస్తే నలభై దాటినవాళ్లే గురువులు.

డబ్బులిచ్చి బయటి నుంచి ట్రైనర్‌ని పిలిపించి ఆడించే ఆటలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి మీరే ఆడించుకోవచ్చు. నలుగురికి ఇరవై పచ్చి స్పగెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో మిఠాయి ఇస్తారు. పద్దెనిమిది నిమిషాల్లో పైన మిఠాయి నిలబడేలా అందరికంటే ఎత్తైన గోపురం కట్టాలి. దీన్ని డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ తయారు చేశారు, టామ్ వూజెక్ 2010లో టెడ్ వేదిక మీద దీని గురించి మాట్లాడాక అందరికీ తెలిసింది. ఎంబీఏ విద్యార్థుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే బాగా కడుతున్నారని ఆయన చెప్పారు. పెద్దవాళ్లు ప్లాన్ గీస్తూ కూర్చుని చివరి క్షణంలో మిఠాయి పెడతారు, గోపురం కూలిపోతుంది. పిల్లలు మొదటి నుంచీ మిఠాయి పెట్టి చూస్తూ, పడితే మళ్లీ కడతారు. రెండు వందల రూపాయల సామానుతో గంటసేపు నవ్వులు. దాని తర్వాత "ఇందులో మనం నేర్చుకున్నదేమిటి" అని ప్రెజెంటేషన్ పెట్టకండి, దయచేసి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎక్కువ ఉంటే ఆన్‌లైన్ తంబోలా సులువు. నలభై ఐదు నిమిషాలు దాటించకండి. కెమెరా తప్పనిసరి అనకండి. సగం మంది ఆఫీసులో, సగం మంది తెర మీద ఉండే ఈవెంట్ మాత్రం పెట్టకండి. తెర మీదివాళ్లు పెళ్లి వీడియో చూసినట్టు చూస్తూ కూర్చుంటారు. వాళ్లు నెలలో ఏ రోజు ఆఫీసుకి వస్తారో, ఆ రోజుకే పెట్టుకోండి.

ఆఫీసులోనే చేసుకునేవి

నాకు తెలిసినంతలో ఖర్చుకి తగ్గ ఫలితం ఎక్కువ వచ్చేది వీటిలోనే. పండగ రోజున కుర్తా వేసుకుని ఫొటో దిగి, డెస్కుకి ఒక స్వీటు ప్యాకెట్ పంచడం గురించి చెప్పడం లేదు. చేతులతో కలిసి ఏదైనా చేయడం గురించి చెబుతున్నాను.

మూడేళ్ల కిందట దసరాకి ముందు బతుకమ్మ పేర్చాం. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి ముందు రోజు రాత్రే పూలు తెప్పించాం: గునుగు కట్టలు, తంగేడు, బంతి, చామంతి. మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ రూమ్‌లో బల్లలు పక్కకి జరిపి, కింద పాత పేపర్లు పరిచాం. ఏం చేయాలో మాలో సగం మందికి తెలియదు. గుంటూరు, కాకినాడ వైపువాళ్లు, ఒడిశా, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు. అప్పుడు డేటాబేస్ పని చూసే నల్గొండ అబ్బాయి, మీటింగుల్లో పెదవి విప్పని అబ్బాయి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక గునుగు కట్ట తీసుకుని, కాడలన్నీ నేలకి తాటించి సమానం చేసి, కత్తెరతో ఒక్క వేటున కోశాడు. "ఇట్ల కొయ్యాలె మేడం, లేకుంటె వరుస వంకర పోతది" అన్నాడు. గిన్నెల్లో రంగు కలిపి గునుగు కొసలు ముంచడం, తాంబాళంలో గుమ్మడాకులు పరవడం, చుట్టూ తంగేడు, దాని మీద రంగు గునుగు, మధ్యలో ఖాళీ లేకుండా ఆకుల పొట్టు కూరడం. ఒక్కొక్కటీ చూపించాడు. మా అమ్మ దగ్గర చిన్నప్పటి నుంచీ చేస్తున్నానని చెప్పాడు. నాలుగింటికల్లా మోకాలెత్తు బతుకమ్మ లేచింది. మేనేజర్ వేళ్లకి వారం రోజులు గులాబీ రంగు పోలేదు.

పూల పని అందరిదీ, పూజ ఇష్టమున్నవాళ్లది అని ముందే చెప్పాం. మా క్రిస్టియన్, ముస్లిం సహోద్యోగులు పూలు పేర్చడానికి హాయిగా వచ్చారు. ఈ గీత స్పష్టంగా గీయడం అవసరం. సంక్రాంతికి ముగ్గులు, రంజాన్‌కి ఇఫ్తార్, క్రిస్మస్‌కి కేకు, ఏది చేసినా ఇదే పద్ధతి. ముగ్గుల పోటీని ఆడవాళ్లకే వదిలేయకుండా ఇద్దరిద్దరు జట్లుగా చీటీలు వేయండి.

ఇంటి నుంచి తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనం కూడా బాగుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. "అందరూ వండి తీసుకురండి" అంటే ఆడవాళ్ల మీద పని పెరుగుతుంది, హాస్టల్లో ఉండే కుర్రాళ్లకి దారి ఉండదు. వండలేనివాళ్లు పెరుగు, అరటిపళ్లు, విస్తరాకులు, మంచినీళ్లు తేవచ్చని జాబితాలో ముందే రాయండి. 2015లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలో ఒక పెద్ద నగరంలోని అగ్నిమాపక కేంద్రాల్ని పరిశీలించి, కలిసి భోంచేసే సిబ్బంది జట్టుగా మెరుగ్గా పనిచేస్తున్నారని రాశారు. అక్కడివాళ్లు కలిసి వండుకుని కలిసి తింటారు. వనభోజనాలు తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు.

వనభోజనాల మాట వచ్చింది కాబట్టి, అన్నిటిలోకీ నా ఓటు దానికే. కార్తీకంలో వాతావరణం హాయిగా ఉంటుంది. ఎటూ ఆ నెలలో చాలామంది శాకాహారమే తింటారు, కాబట్టి వెజ్, నాన్‌వెజ్ పేచీ లేకుండా పులిహోర, గుత్తివంకాయ, పప్పుచారు, బొబ్బట్లతో అందరూ ఒకే బంతిలో కూర్చోవచ్చు. ఉసిరిచెట్టున్న తోట ఊరి చివర అద్దెకి దొరుకుతుంది. ఆదివారం, సోమవారం తప్పించండి, ఆ రోజుల్లో ఎక్కడా చోటు దొరకదు. ఈమధ్య కులాలవారీగా వనభోజనాలు పెట్టుకోవడం చూస్తుంటే బాధేస్తుంది. ఏ కులమో ఎవరూ అడగకుండా పక్కపక్కన విస్తళ్లేసుకుని తినే అవకాశం ఆఫీసుకి ఉంది. వడ్డన వంతులవారీగా చేయించండి. మొదటి వంతు మేనేజర్లది.

డబ్బు ఎలా పంచాలి

ముప్పై మందికి ఏడాదికి 60,000 రూపాయలు ఇచ్చారనుకోండి. ఒక్క రిసార్ట్‌కి వెళితే ఆ రోజుతో సరి. నేనైతే ఇలా పంచుతాను: కార్తీక వనభోజనానికి తలకి 700 చొప్పున 21,000. హోటల్ భోజనానికి అంతే, 21,000. బతుకమ్మ పూలు, ఫలహారాలకి 8,000. బాక్స్ క్రికెట్, క్యారమ్స్ సాయంత్రానికి 7,000. తలా ఒక వంటకం భోజనంలో పైఖర్చులకి 3,000. మొత్తం అరవై వేలు, ఏడాదిలో ఐదు కలయికలు. ఒకదానికి రాలేనివాళ్లు ఇంకోదానికి వస్తారు. కంపెనీ ఇచ్చింది చాలకపోతే ఈవెంట్ తగ్గించుకోండి గానీ ఉద్యోగుల దగ్గర చందా వసూలు చేయకండి. ఐదు వందలే కదా అని మనకి అనిపించవచ్చు. సెక్యూరిటీ గార్డుకి, హౌస్‌కీపింగ్ అక్కకి అది చిన్న మొత్తం కాదు. అవును, వాళ్లనీ పిలవాలి. అదీ వడ్డించడానికి కాదు, కూర్చుని తినడానికి.

తేదీల విషయంలో రెండు వారాలు వదిలేయండి: అప్రైజల్ లెటర్లు వచ్చిన వారం, ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసిన వారం. ఆ రోజుల్లో బెలూన్లు కట్టి ఆటలాడమంటే ఎవరికి మనసొప్పుతుంది?

చివరగా, పిలుపు ఎలా రాయాలి అని చాలామంది అడుగుతుంటారు. మా వనభోజనానికి పోయినసారి ఇలా పంపాను, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"బుధవారం మన టీమ్ వనభోజనం. ఉదయం పదిన్నరకి ఆఫీసు గేటు దగ్గర బస్సు, మళ్లీ నాలుగున్నరకి అదే గేటు దగ్గర దింపుతుంది. ఆ రోజు సెలవు పెట్టక్కర్లేదు, పనిరోజు కిందే లెక్క. భోజనం శాకాహారం, ఉల్లి, వెల్లుల్లి లేని వంటలు విడిగా ఉంటాయి. మాలలో ఉన్నవాళ్లు తమ భోజనం తెచ్చుకుని మాతో కలిసి కూర్చోవచ్చు. ఆటలు ఇష్టమున్నవాళ్లకే, చెట్టు కింద చాపలు కూడా ఉంటాయి. రావడం కుదరకపోతే కారణం చెప్పక్కర్లేదు, నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టండి చాలు, మీ వాటా బొబ్బట్లు మర్నాడు డెస్క్ దగ్గరికి వస్తాయి."